ఆశ్వయుజంలో ఆదాయ వ్యయాలు

ఉగాది నాడు గుళ్ళో పంచాంగ శ్రవణం జరుగుతుంటే తిథి, వారం, నక్షత్రం దాకా ఎవరి కబుర్లు వాళ్ళవి. రాశులవారీగా ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని పంతులుగారు ఎత్తుకోగానే మాత్రం గుడంతా చెవులు రిక్కిస్తుంది. 2025లో నా వంతుకి ఆదాయం 2, వ్యయం 14 వచ్చాయి. పక్కనున్నాయనకి సరిగ్గా తిరగేసి 14, 2. ఆయన నా వంక జాలిగా చూసి ఉగాది పచ్చడి దొన్నె ముందు నాకే అందించాడు.

ఇన్నేళ్ళుగా వింటున్నాను గానీ, ఉగాదికి చెప్పిన ఆ అంకెలు దసరా నాటికి ఏ మేరకు నిజమయ్యాయో లెక్క చూసుకున్నవాడు ఒక్కడూ నాకు తగల్లేదు. పంతులుగారు ఎలాగూ అడగరు.

పదవీ విరమణ నాడు వేసుకునే లెక్కా అలాంటిదే. దండలూ శాలువాలూ పూర్తయిన రాత్రి, వచ్చే పాతికేళ్ళకీ సరిపడా ఆదాయ వ్యయాలు ఒక్క కూర్చోటంలో రాసేస్తాం. తర్వాత ఆ కాగితం బీరువాలోకి పోతుంది. నేను 2017 జూన్ 30న తపాలా శాఖలో సబ్ పోస్ట్‌మాస్టరుగా దిగిపోయాను. ఆ రాత్రే తెనాలిలో మా ఇంటి వసారాలో కూర్చుని, లాంగ్‌బుక్కులో స్కేలుతో గీతలు కొట్టి ప్లాను రాశాను. ఆఖరి బేసిక్ 49,000. పెన్షన్ అందులో సగం, 24,500. నలభై శాతం కమ్యూట్ చేస్తే పదిహేనేళ్ళ పాటు నెలకి 9,800 తగ్గుతుంది. బదులుగా ఒక్కసారే 9,63,615 చేతికొస్తుంది. దాంతో అమ్మాయి పెళ్ళి అప్పు తీరుతుంది. గ్రాట్యుటీ, సెలవుల డబ్బు, జీపీఎఫ్ కలిపిన దాంట్లోంచి 15 లక్షలు సీనియర్ సిటిజన్ పథకంలోకి. మిగిలింది బ్యాంకులో. కింద రెండు గీతలు కొట్టి, తేదీ వేసి, సంతకం కూడా పెట్టాను. ఎవరికి చూపించాలనో మరి.

ఇక సిగ్గుపడాల్సిన సంగతి.

నా సర్వీసులో సగానికి పైగా పొదుపు ఖాతాల ఎస్‌బీ కౌంటర్ వెనకే గడిచింది. 2004 ఆగస్టులో సీనియర్ సిటిజన్ పథకం మొదలైనప్పటి నుంచి దిగిపోయే రోజు దాకా, రిటైరైన మాస్టార్లకీ కరణాలకీ అదే పాఠం చెప్పాను. "ఖాతా తెరిచిన రోజున్న రేటే ఐదేళ్ళూ నడుస్తుందండీ. గడువు తీరాక మాత్రం ఇంట్లో కూర్చోకండి, ఓసారి వచ్చి కనపడండి." వాళ్ళు వచ్చి కనపడేవాళ్ళు. కొందరు మజ్జిగ మిరపకాయలు కూడా తెచ్చేవాళ్ళు.

నా సొంత ఖాతా 2017 జూలైలో 8.3 శాతానికి తెరిచాను. మూడు నెలలకోసారి 31,125 ఠంచనుగా పడేది. 2022 జూలైలో గడువు తీరేసరికి రేటు 7.4కి దిగి ఉంది. మూడేళ్ళకి పొడిగించాను, త్రైమాసికానికి 27,750. అప్పటికి అది తప్పేం కాదు. తప్పు ఆ తర్వాత జరిగింది. అక్టోబరులో రేటు 7.6 అయింది, జనవరిలో 8 అయింది, 2023 ఏప్రిల్ నుంచి 8.2. పొడిగించిన ఖాతాని ఏడాది దాటాక ఏ కోతా లేకుండా మూసుకోవచ్చన్న రూలు నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. 2023 జూలైలో ఒక్క ఫారం నింపి మూసి, మర్నాడు కొత్తగా తెరిస్తే సరిపోయేది. తెరవలేదు. ఏడాదికి 12,000 చొప్పున రెండేళ్ళకి 24,000 రూపాయలు గాలికి పోయాయి. ఎవరూ దోచుకోలేదు. నేను పాస్‌బుక్కు తీసి చూడలేదు, అంతే.

2025 జూలైలో ఆ మూడేళ్ళూ అయిపోయి పోస్టాఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో ఉన్నది నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయే. పాస్‌బుక్కు అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు సర్దుకుని, గొంతు బాగా తగ్గించి అడిగింది. "సార్, ఇది మీరు రెండేళ్ళ కిందటే మార్చుకుని ఉండాల్సింది కదండీ?" వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినపడకూడదని ఆ పిల్ల పడ్డ పాట్లు చూస్తే దీపం కింద చీకటి అంటే ఏమిటో తెలిసొచ్చింది. మళ్ళీ 15 లక్షలూ 8.2కి వేశాను. ఇప్పుడు త్రైమాసికానికి 30,750. ఏడాది వడ్డీ లక్ష దాటింది కాబట్టి టీడీఎస్ కొయ్యకుండా 15హెచ్ ఫారం ఇచ్చారా అని కూడా ఆ పిల్లే గుర్తు చేసింది.

మా నాయనమ్మకి అక్షరమ్ముక్క రాదు. సంక్రాంతికి గాదె నిండితే మళ్ళీ సంక్రాంతి దాకా ఇల్లంతా దాని మీదే బతకాలి. వినాయక చవితి వెళ్ళిన నాలుగైదు రోజులకి ఆవిడ గాదె దగ్గరికెళ్ళి, పక్క చెక్కల మీద కింది నుంచి పైకి వేళ్ళతో తట్టుకుంటూ వచ్చేది. ధాన్యం ఉన్నచోట ఒక మోత, బోలుగా ఉన్నచోట ఇంకో మోత. మోత మారిన చోట బొగ్గుముక్కతో గీత గీసేది. పోయినేటి గీత, అంతకు ముందేటి గీత అక్కడే మాసిపోకుండా ఉండేవి. గీత బాగా కిందికి దిగిందంటే మర్నాటి నుంచి ఎసట్లో పోసే బియ్యం ఓ గిద్దెడు తగ్గేవి. వచ్చిన చుట్టాన్ని ఇంకో పూట ఉండమనడమూ తగ్గేది. కూలివాళ్ళకి కొలిచే కుంచంలో మాత్రం తగ్గేది కాదు. గీత గీయడం ఎందుకు నాయనమ్మా, అయిపోయినప్పుడు ఎలాగూ తెలుస్తుందిగా అని అడిగాను ఒకసారి. "అయిపోయాక తెలిస్తే అప్పుకెళ్ళాలిరా" అంది.

జూలై పరాభవం తర్వాత ఆ గీత నేనూ గీయాలనుకున్నాను. మంచిరోజు కూడా దానంతటదే కుదిరింది. సెప్టెంబరు 30తో ఆర్థిక సంవత్సరం సగం గడిచింది. మర్నాడు, అక్టోబరు 1, మహర్నవమి. వీధిలో ఆటోలన్నీ బంతిపూల దండలు వేసుకున్నాయి. ఎదురింటి దర్జీ కుట్టుమిషనుకి బొట్టు పెట్టాడు. పోస్టాఫీసులో ఉన్నన్నాళ్ళూ తేదీ ముద్రకీ, పార్సిళ్ళు తూచే తక్కెడకీ మేమూ పెట్టేవాళ్ళం. ఇప్పుడు నాకు మిగిలిన ఆయుధాలేమిటి? పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు పీపీఓ, నాలుగు పాస్‌బుక్కులు, ఆరోగ్య బీమా కాగితం, ఆ పాత లాంగ్‌బుక్కు తీసి పీట మీద పెట్టి పసుపూ కుంకుమా అద్దాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, "లక్ష్మీపూజ దీపావళికండీ" అంది.

పూజ అయ్యాక అవన్నీ మళ్ళీ బీరువాలోకి సర్దబోతుంటే మోకాలు పట్టుకుని మెల్లగా పక్కన కూర్చుంది. "ఇవేమిటో నాకూ ఒకసారి చెప్పండి" అంది. నలభై రెండేళ్ళ కాపురంలో ఆవిడ ఈ మాట అడగడం అదే మొదలు. అడగకుండా నేను చెప్పిందీ లేదు.

చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో టీవీలో వార్త: కేంద్ర కేబినెట్ కరువు భత్యాన్ని జూలై నుంచి 55 శాతం నుంచి 58కి పెంచింది. సరస్వతీదేవో దుర్గమ్మో, ఎవరో నా లెక్కలు విన్నట్టే ఉంది. పెన్షనర్లకి అదే శాతం డీఆర్ పేరుతో వస్తుంది. కమ్యూట్ చేసిన భాగం తగ్గినా డీఆర్ మాత్రం పూర్తి 24,500 మీద కడతారు. కాబట్టి పెరిగింది 735. "అంటే గ్యాసు బండ రాదన్నమాట" అంది ఆవిడ. అర్థశాస్త్రం ఆవిడకి అలా ఒక్క ముక్కలో తేలిపోతుంది.

కాగితం మీద రాసి చూపించాను. చేతికొచ్చే బేసిక్ 14,700, డీఆర్ 14,210, మొత్తం 28,910. మందుల భత్యం వెయ్యి వేరే. ఆవిడ వేలు ఆ మొత్తం కింద ఆగింది.

"మరి మీ తర్వాతో?"

పండగపూట ఇదేం ప్రశ్న అని నోటిదాకా వచ్చింది. మన ఇళ్ళల్లో ఈ లెక్క ఆగిపోయేది అక్కడే. చావు మాటెత్తితే అశుభం కాబట్టి కాగితాలు చూపించం. కాగితాలు చూపించం కాబట్టి చచ్చాక ఆ ఆడమనిషి బ్యాంకుకీ ట్రెజరీకీ మధ్య చెప్పులరగ్గొట్టుకుంటుంది. అశుభం అసలు ఏ వైపుందో కౌంటర్ వెనక కూర్చున్నవాడికి బాగా తెలుసు. తెల్లచీర కొంగులో పీపీఓ చుట్టుకుని వచ్చి, "ఆయన ఏదీ చెప్పలేదయ్యా" అనే వాళ్ళని ఎంతమందిని చూశానో.

లెక్క కట్టాను. కుటుంబ పెన్షన్ ఆఖరి బేసిక్‌లో ముప్పై శాతం, 14,700. నాకు అరవై ఏడు దాటింది కాబట్టి ఏడేళ్ళ పాటు ఎక్కువిచ్చే వెసులుబాటు ఇక వర్తించదు. డీఆర్ 8,526. మొత్తం 23,226. తీసివేత కూడా నేనే చేశాను: 28,910లో 23,226 పోతే 5,684.

"ఈ ఇంట్లో నేను ఉండటం విలువ నెలకి 5,684 రూపాయలు" అన్నాను, నవ్వించాలని.

"మీ బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, రెండు పేపర్లు, సాయంత్రం పునుగులు. 5,684 ఏ మూలకి? నాకే మిగులు" అంది ఆవిడ. ఇద్దరం నవ్వాం. తర్వాత కాసేపు కాగితం వంకే చూస్తూ కూర్చుంది. "మీతోటే ఆగిపోద్దనుకున్నాను" అంది.

అదీ సంగతి. ఎనిమిదేళ్ళుగా ఈ మనిషి నాతోపాటే పెన్షనూ పోతుందనుకుంటోంది. అందుకే పక్కవీధిలో చీటీ కట్టింది. అందుకే పండక్కి చీర వద్దంది. నేనేమో మనిషి పొదుపరి అనుకుని మురిసిపోయాను. ఊళ్ళో ఎందరో భార్యలకి కుటుంబ పెన్షన్ ఫారాలు చేత్తో నింపి పెట్టినవాణ్ణి, మా వంటింటి గడప దాటించి ఒక్క అంకె లోపలికి చేర్చలేదు.

ఆ తర్వాత పాస్‌బుక్కులు ఒక్కొక్కటే ఆవిడే తీసింది. అందులో ఒక బ్యాంకు ఖాతా 1998 నాటిది. నామినీ గడి దగ్గర కళ్ళు చికిలించి చదివింది: మా అమ్మ పేరు. అమ్మ పోయి పదహారేళ్ళు. ఏటా తిథి తప్పకుండా పిండం పెడుతున్నాను, నా డబ్బుకి వారసురాలిగా కూడా ఆవిణ్ణే ఉంచుకున్నాను. పీపీఓలో మా ఆవిడ పేరు ఒకలా, ఆధార్‌లో ఇంటిపేరు చేరి ఇంకోలా ఉంది. నేను కౌంటర్లో ఉండగా ఇలాంటి తేడా వస్తే ఎదుటి మనిషిని మూడుసార్లు తిప్పేవాణ్ణి. రూలు రూలేగా.

రూలంటే గుర్తొచ్చింది. జూన్ 30న దిగిపోవడం వెనక ఒక చిత్రముంది. మాకు ఇంక్రిమెంటు జూలై 1న. ఏడాదంతా పనిచేసి ఇంక్రిమెంటుకి అర్హుడైనవాడు దాన్ని తీసుకోవాల్సిన రోజుకి కుర్చీలో ఉండడు. ఒక్క రోజు తేడా. ఈ వాదం కోర్టులకెక్కి, ఏళ్ళ తరబడి నడిచి, 2023 ఏప్రిల్ 11న సుప్రీంకోర్టులో నెగ్గింది. పెన్షన్ లెక్క వరకు ఆ ఇంక్రిమెంటు కలపొచ్చని కేంద్రం 2025 మే 20న ఉత్తర్వు ఇచ్చింది. అంటే నా బేసిక్ 50,500గా లెక్కేసి, పెన్షన్ 25,250 కావాలి. మేలోనే వాట్సాప్‌లో ఆ ఉత్తర్వు చూశాను, దణ్ణం బొమ్మ కూడా పెట్టాను. దరఖాస్తు మాత్రం మహర్నవమి సాయంత్రం రాశాను.

పెన్షన్ దయతో వేసే భిక్ష కాదని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏటా ఆ రోజున పెన్షనర్ల దినోత్సవం జరుపుకుని, టీ బిస్కెట్లతో ఆ తీర్పుని తలుచుకుంటాం. మా వీధి చివరాయన ఆ మీటింగుకి రాడు. స్పిన్నింగ్ మిల్లులో చేసి 2013లో దిగిపోయాడు. ప్రైవేటు ఉద్యోగుల ఈపీఎస్ 95 పెన్షన్. జీతాన్ని సర్వీసుతో గుణించి డెబ్భైతో భాగించే లెక్క అది. భాగించగా ఆయనకి వచ్చింది రెండు వేల లోపు. అప్పుడెంతో ఇప్పుడూ అంతే, ఎందుకంటే దానికి కరువు భత్యం లేదు. ఆ పథకంలో కనీస పెన్షన్ 2014 సెప్టెంబరులో వెయ్యిగా పెట్టారు, ఇప్పటికీ వెయ్యే. ఇదే రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి 4,000. జీతంలోంచి కోతలు పడి, ముప్పై ఏళ్ళు దూది దుమ్ము మింగినవాడికి అందులో సగం కూడా రాదు. ప్లాను సమీక్షించుకో అని ఆయనకి నేనేం చెబుతాను? నా ప్లానులో తప్పులు నావి. ఆయన దాంట్లో తప్పు ఆయనది కాదు. ఉదయం నడకలో డీఆర్ పెరిగిన సంగతి ఆయన దగ్గర ఎత్తను.

ఖర్చుల పేజీ దగ్గరికి వచ్చేసరికి రాత్రయింది. 2017లో రాసుకున్న ఖర్చులు చదువుతుంటే ఎవరో అపరిచితుడి ఇల్లు చూస్తున్నట్టుంది. మందులకి నెలకి 600. సెల్‌ఫోనుకి గడే లేదు. ఏడాదికి రెండు ప్రయాణాలు, రైలు చార్జీలో వృద్ధుల రాయితీ పోగా అని బ్రాకెట్లో. ఆ రాయితీ 2020 మార్చిలో ఆగింది, మళ్ళీ రాలేదు, ప్రయాణాలూ ఆగాయి. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో రేటు మూడు విడతల్లో ఒక శాతం తగ్గింది గనుక డిసెంబరులో గడువు తీరే బ్యాంకు డిపాజిట్‌కి పాత వడ్డీ రాదని పక్కన రాశాను. ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు, ఆ మేరకు వచ్చే ప్రీమియం తగ్గాలని రాశాను. ఇవి బయటి లెక్కలు; ఎవరైనా చెబుతారు.

ఎవరూ చెప్పని గడి ఒకటుంది. "వంట, ఇంటిపని" అని రాసి, ఎదురుగా అడ్డగీత పెట్టాను. సున్నా. ఇప్పుడు మోకాళ్ళు అరిగి ఆవిడ గిన్నెల దగ్గర వంగలేకపోతే పనమ్మాయికి నెలకి 2,500 ఇస్తున్నాం. వంటకి కూడా మనిషిని పెట్టుకోమని డాక్టరుగారు వేసవిలోనే చెప్పారు. నేను దిగిపోయే తేదీ తపాలా శాఖ రాసింది, దండ వేసింది. ఆవిడ దిగిపోయే తేదీ నా ప్లానులో ఎక్కడా లేదు. పాతికేళ్ళూ ఇడ్లీ పిండి తనంతట తాను నానుతుందన్న ధీమా మీదే ఆ రెండు గీతలూ, ఆ సంతకమూ. వంటమనిషికి 4,000 అని కొత్త గడి కొట్టబోతే ఆవిడ అడ్డుపడింది: "కూరలు నేనే వండుతాను. 2,000కి మాట్లాడండి." బేరం తెగలేదు. మధ్యే మార్గంగా 3,000 వేశాం.

సోమవారం ఇద్దరం బ్యాంకుకెళ్ళి నామినీ ఫారం ఇచ్చాం. అమ్మ పేరు కొట్టేస్తున్నప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆడలేదు. పీపీఓలో పేరు సరిచెయ్యమని ఆధార్ నకలు జతచేసి దరఖాస్తు పెట్టాం. నవంబరులో నేను బతికే ఉన్నానని రుజువిచ్చుకోవాలి. ఈసారి జీవన్ ప్రమాణ్ ఫోన్లో ముఖం చూపించి చేసుకోవచ్చట. ఆ ఫోను పట్టుకోవడం ఆవిడే నేర్చుకుంటానంది. "రేపు నాకు పనికొస్తుందిగా" అంది, అశుభం ఏమీ లేనట్టు.

లాంగ్‌బుక్కు ఇప్పుడు బీరువాలో లేదు. ఆవిడ దానికి దారం కట్టి, వంటింట్లో పంచాంగం వేలాడే మేకుకే తగిలించింది.